దక్షిణం గోడ మీద నల్లబల్ల

మొన్న ఖమ్మంలో కళ్ల దవాఖానాకు వెళ్లినప్పుడు, పరీక్ష చేసే అమ్మాయి నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా గోడకు తగిలించిన అక్షరాల అట్టను చదవమంది. ఆ అట్టకు జానెడు దూరంలో ఒక పెద్ద కిటికీ ఉంది, తెర పక్కకు లాగి ఉంది, బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. నేను పై వరుస చదివి రెండో వరుస దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఈ వయసులో గిట్లనే ఉంటది మేడం, ఏం ఫికర్ లేదు" అన్నది. ముందు ఆ తెర వేయమ్మా, తరువాత నా వయసు సంగతి మాట్లాడుకుందాం అన్నాను. తెర వేశాక నాలుగు వరుసలూ చదివాను. ఆమె నవ్వేసి, రాసింది కొట్టేసింది.

ఆమె కొట్టేసింది కాబట్టి సరిపోయింది. కొట్టేయకుండా ఉండిపోయిన రాతలు కొన్ని నాకు తెలుసు. నా ఈడువాళ్లు, ముఖ్యంగా సుద్దముక్క పొడి పీల్చి బతికినవాళ్లు, ఈ మాటను కాస్త ఓపికగా వింటారని రాస్తున్నాను.

నాకు మొదటి ఉద్యోగం దుమ్ముగూడెం నుంచి అడవిలోకి నడిచిపోవాల్సిన ఒక కోయగూడెంలో వచ్చింది. నలభై ఏళ్ల పైమాట. అప్పటికి పెళ్లి కాలేదు, మా నాన్న నన్ను పంపడానికి భయపడలేదు, అమ్మ భయపడింది. మా నాన్న ఖమ్మంలో గ్రంథాలయ సభలకూ సంస్కరణ సభలకూ పోయి, ముహూర్తాల మీదా శకునాల మీదా గొంతు బొంగురుపోయేదాకా వాదించి వచ్చేవాడు. ఇంటికొచ్చాక మాకు మజ్జిగన్నం ముందు మళ్లీ ఆ వాదమంతా ఒప్పజెప్పేవాడు. ఎవరైనా ఒక సంగతి గట్టిగా చెబితే, అది ఎట్లా తెలిసిందని అడగమనీ, అడిగినందుకు కోప్పడితే అతనికి తెలియదని అర్థం చేసుకోమనీ నేర్పాడు. ఆ చదువుతో, ఒక రేకు పెట్టెతో, ఎవరినైనా ఓడించగలనన్న పొగరుతో నేను ఆ గూడెం చేరాను. కార్తీకం వెళ్లి చలి మొదలవుతున్న రోజులు.

బడి అంటే ఒకటే గది. సిమెంటు రేకుల కప్పు, తూర్పు గోడకు తలుపు, తలుపుకు అటొకటి ఇటొకటి కిటికీ. పడమటి గోడలో మనిషి తలకు పైన ఒక చిన్న కిటికీ. ఉత్తరం దక్షిణం గోడలు బోడిగా ఉండేవి. కరెంటు లేదు. తలుపుకూ కిటికీకీ నడుమ ఉన్న గోడ ముక్క మీద, రెండు మేకులకు వేలాడదీసిన చెక్క నల్లబల్ల. కింద ఈతచాపలు. పిల్లలంతా తూర్పు ముఖంగా కూర్చునేవారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ అక్కడే, వరుసలు వరుసలుగా.

ఆ ఏర్పాటు మా ప్రధానోపాధ్యాయుడిది. పిల్లలు పెద్దసారు అనేవారు, నేనూ అదే అనేదాన్ని. మధిర వైపు మనిషి, సన్నగా, తెల్ల పంచెలో, ఎప్పుడూ శుభ్రంగా ఉండేవాడు. ఆయన్ని నేను చెడ్డవాడని చెబితే నా నోరు పుచ్చిపోతుంది. ఆ గూడెంలో ఇరవై ఏళ్లున్నాడు, బదిలీ అడగలేదు. వాగు పొంగినప్పుడు జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని అవతలి ఒడ్డుకు చేర్చిన మనిషి. మాలాంటి కొత్తవాళ్లు వారానికి నాలుగు రోజులు వచ్చి రెండు రోజులు ఎగ్గొట్టే కాలంలో, ఆయన గంట కొట్టని రోజు లేదు. అయితే తూర్పు ముఖంగా కూర్చుంటేనే చదువు వంటబడుతుందని ఆయన నమ్మాడు. నమ్మి, ఆ గది కట్టించేటప్పుడు దగ్గరుండి తలుపూ కిటికీలూ తూర్పుకే పెట్టించాడు.

నేను చేరిన వారంలోనే హాజరు పట్టీతో పాటు ఇంకో పుస్తకం నా చేతికిచ్చాడు. పిల్లల పేర్లకు ఎదురుగా వాళ్ల చదువు ఎట్లా ఉందో ఏటేటా రాసే పుస్తకం. తిరగేస్తే పేజీల నిండా ఒకే వాక్యం, ఆయన ముత్యాల్లాంటి చేతిరాతలో: భాషలో మందం, లెక్కలలో పరవాలేదు. ఒకరిద్దరికి కాదు, దాదాపు అందరికీ. అడిగితే ఆయన దాన్ని ఎంతో దయగా వివరించాడు. వీళ్లకు ప, వ తేడా తెలియదు, ద, ధ తేడా తెలియదు. ఇంట్లో మాట్లాడే భాష వేరు కదా, అందులో ఆ తేడాలు లేవు కాబోలు. లెక్కలకు భాష అక్కర్లేదు గనుక అవి వస్తాయి. "వాళ్ల తప్పు కాదమ్మాయ్, పుట్టుక అట్లాంటిది" అన్నాడు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. పుట్టుక అన్న మాటకు నేను మండిపడ్డాను గానీ, మిగతాది నాకు బాగా నచ్చింది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, అందుకే పిల్లలు వెనకబడుతున్నారు అన్న వాదన అప్పట్లో మా సభల్లో చప్పట్లు కొట్టించే వాదన. నేను దాని మీద ఆరు పేజీల వ్యాసం రాసి నాన్నకు పంపాను కూడా. పెద్దసారు పిల్లల్ని జాలితో మందమన్నాడు, నేను న్యాయం పేరుతో మందమన్నాను. మా ఇద్దరిలో ఎవరమూ వాళ్లకు బల్ల కనిపిస్తోందా అని అడగలేదు.

ఐదో తరగతిలో ఆ ఏడు మిగిలింది ఒక్క అమ్మాయి. ముందు వరుసలో, తలుపుకు సరిగ్గా ఎదురుగా కూర్చునేది. లెక్కల్లో చురుకు, ఎంత చురుకంటే నేను చెప్పేలోపే పలక తిప్పి చూపించేది. ఉదయం తెలుగు పాఠంలో మాత్రం పలకను వలక అనేది, పడవను వడవ అనేది, కళ్లు చికిలించి, మెడ పక్కకు వంచి, దెబ్బ పడుతుందేమోనన్నట్టు మెల్లగా చదివేది. భద్రాచలంలో ఆశ్రమ బడికి ఆరో తరగతిలో పంపాలంటే, దరఖాస్తులో ఆమె తెలుగు చదవగలదు, రాయగలదు అని ప్రధానోపాధ్యాయుడు రాసి సంతకం పెట్టాలి. పెద్దసారు అబద్ధం రాయడు. రాయలేనన్నాడు.

సంక్రాంతికి ముందు ఒకనాడు ఆ పిల్ల తల్లి బడికి వచ్చి గడప దగ్గర నిలబడింది. మిరపకాయలు ఏరే పనులకు గూడెంలో సగం మంది గోదావరి దాటి బూర్గంపాడు వైపు పోయే కాలం అది, పోతే రెండు మూడు నెలలు అక్కడే. ఆమె చేతిలో అప్పటికే మూట ఉంది.

"ఏంది టీచరమ్మా, మా పిల్లకు సదువొస్తదా, రాదా? రాదంటే సాఫ్‌గా చెప్పు, నా యెంట తీస్కపోత. ఊకె చాప మీద కూసోబెడితే ఏం ఫాయిదా?"

పదిహేను రోజులు ఆగమన్నాను. ఆ పదిహేను రోజుల్లో ఏం చేస్తానో నాకు తెలియదు. ఆమె నా ముఖంలోకి చూసి అది కనిపెట్టినట్టే ఉంది, అయినా మూట దించి, పనికి తన చెల్లెల్ని ముందు పంపించి తాను ఆగింది. పిల్ల మటుకు చాప మీద కూర్చుని మమ్మల్నిద్దర్నీ చూస్తూ ఉంది.

తరువాత నాలుగు రోజులకు మంచు పట్టింది. గోదావరి పక్క ఊళ్లలో ఉన్నవాళ్లకు ఆ మంచు తెలుసు, పొద్దెక్కేదాకా పది అడుగుల అవతలి మనిషి కనబడడు. గదిలోకి ఎండ రాలేదు, బూడిదరంగు వెలుతురు మాత్రం నిండింది. అలవాటు కొద్దీ నేను బల్ల మీద పదాలు రాసి ఆ పిల్లను చదవమన్నాను. పలక, పడవ, వల, పాప, వాన. ఒక్క తప్పు లేదు. మెడ వంచలేదు, కళ్లు చికిలించలేదు. నేను రాత్రికి రాత్రి గొప్ప పంతులమ్మనైపోయాననుకుని పొంగిపోయాను. మర్నాడు మంచు విడిచింది, ఎండ కాసింది, పిల్ల మళ్లీ వలక అంది.

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. భాష తేడా అయితే మంచుతో పాటు పోయి ఎండతో పాటు తిరిగి రాదు కదా. ఉదయం తెలుగు, తిన్న తరువాత లెక్కలు అన్నది మా బడి పద్ధతి. నేను పెద్దసారుకు చెప్పకుండా దాన్ని తిరగేశాను. ఉదయం లెక్కలు, మధ్యాహ్నం తెలుగు. మూడు రోజుల్లో ఆ గూడెం పిల్లలంతా లెక్కల్లో మొద్దులైపోయారు. మూడును ఎనిమిదనేవారు, ఒకటిని ఏడనేవారు. మధ్యాహ్నం, పొద్దు నెత్తి మీదుగా దాటి, పడమటి చిన్న కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడే వేళకు, అందరికీ భాష వచ్చేసింది.

నాలుగో రోజు ఉదయం నేను చేయాల్సిన పని, చేరిన మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. ఆ పిల్లను లేపి, ఆమె చోట చాప మీద నేను కూర్చున్నాను. తలుపులోంచి, కిటికీలోంచి ఎండ సూటిగా కళ్లలోకి కొట్టింది. ఆ రెండు వెలుగుల నడుమ బల్ల ఒక నల్లటి మచ్చ, దాని మీద నా రాత బూడిద చల్లినట్టుంది. ప అనే అక్షరానికి తల దగ్గర కాస్త ఎడం ఉంటుంది, వ అయితే అక్కడ మూసుకుపోతుంది. ఆ కాస్త ఎడమే కనబడడం లేదు. ధ కింద గీత కనబడడం లేదు. తలుపు వేస్తే గది చీకటి. ఇరవై ఏళ్లుగా ఆ బడి పంతుళ్లమంతా బల్ల పక్కన, ఎండకు వీపు పెట్టి నిలబడి పాఠం చెప్పాం. ఒక్కరమూ ఆ చాప మీద కూర్చోలేదు.

బల్లను ఎక్కడికి మార్చాలన్నది పెద్ద ఆలోచన కాలేదు. దక్షిణం గోడ బోడిగా ఉంది. పిల్లలు అటు తిరిగితే వెలుతురు ఎడమవైపు నుంచి వస్తుంది, కళ్లలో పడదు, రాసే చేతి నీడ పలక మీద పడదు. అంతకంటే మంచి చోటు ఆ గదిలో లేదు. ఇది చెప్పడానికి పెద్దసారు దగ్గరికి పోతే, ఆయన చేతిలోని కలం కింద పెట్టేశాడు.

"దక్షిణమా? పీనుగుకి తల పెట్టే దిక్కమ్మా అది. పసిపిల్లల్ని యముడి ముఖం చూస్తూ కూర్చోమంటావా?"

"పీనుగుకు బల్ల చదివే పని లేదు సార్. వీళ్లకు ఉంది."

మా నాన్న విని ఉంటే మెచ్చుకునేవాడు. పెద్దసారు మాత్రం కలం తీసుకుని మళ్లీ రాసుకోవడంలో పడ్డాడు. ఆ మాటకు నేను తరువాత సిగ్గుపడ్డాను గానీ, వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం నేనే బల్ల దించాను. మేకులు కొట్టడానికి ఆ పిల్ల తల్లి వచ్చింది, రాయి తెచ్చుకుంది, నాకంటే సూటిగా కొట్టింది. దక్షిణం సంగతి ఆమెకు ముందే చెప్పాను, తరువాత తెలిసి భయపడకూడదని. ఆమె మేకు నోట్లో పెట్టుకునే విన్నది, తీసి అన్నది:

"మా గుడిసెల పొగ ఎటు పోతే దానికి ఇటు దిక్కు కూసుంటం. సదువుకు మీకు గిన్ని దిక్కులు గావాల్నా టీచరమ్మా?"

సోమవారం నుంచి ఆ గది వేరే గది. గొప్పగా చెప్పుకోవడం లేదు, నేను కొత్త పాఠం ఏదీ చెప్పలేదు. అవే పదాలు, అదే సుద్దముక్క. పిల్లలు మెడలు నిటారుగా పెట్టి కూర్చున్నారు. అంతవరకూ వెనక వరుసలో గోడకు ఆనుకుని నిద్రపోయే ఇద్దరు ముందుకు జరిగారు. ఒకళ్ల తప్పు ఒకళ్లు దిద్దుకోవడం, దానితో అల్లరీ మొదలైంది. నాకు అప్పటిదాకా ఆ పిల్లలు అల్లరి చేయరనే తెలుసు. కనబడితే గదా అల్లరి చేసేది.

ఆ వారం దాటకుండానే రెండో తరగతి పిల్లకు చలిజ్వరం తగిలింది. మర్నాడు నేను బడికి వచ్చేసరికి బల్ల తూర్పు గోడ మీద ఉంది. పెద్దసారు ముఖంలో గెలిచిన సంతోషం లేదు, నిజంగా భయం ఉంది. ఆ భయాన్ని చూశాక నాకు వెటకారం రాలేదు. పాత హాజరు పట్టీలు తీసి ఆయన ముందు పరిచాను. ఏ ఏడు తీసినా చలికాలంలో పేర్లకు ఎదురుగా జ్వరం, జ్వరం అని ఆయన చేతిరాతే ఉంది. వాళ్లంతా తూర్పు ముఖంగా కూర్చున్నవాళ్లే కదా సార్ అన్నాను. ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు గానీ ఒప్పుకోలేదు. పదిహేను రోజుల్లో రెండు రోజులే మిగిలాయి. గడప దగ్గర తల్లి మళ్లీ వచ్చి నిలబడితే ఏం చెప్పాలి?

అప్పుడు ఆయన్ని ఒక్కటే అడిగాను. తెల్లారి మొదటి గంటలో, ఆ పిల్ల చోట, చాప మీద ఒక్కసారి కూర్చోమని. ముందు వద్దన్నాడు. పిల్లలు నవ్వుతారన్నాడు. చివరికి ఎందుకో, మర్నాడు గంట కొట్టగానే, పంచె సర్దుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఎండ ఎప్పటిలాగే తలుపులోంచి వచ్చి ఆయన ముఖం మీద పడింది. నేను బల్ల మీద మూడు మాటలు రాశాను: పవప, వపవ, పపవ.

"ఇవేం మాటలమ్మాయ్? వీటికి అర్థమే లేదు."

"అర్థం ఉంటే మీరు ఊహించి చదివేస్తారు సార్. పడవలో సగం కనబడినా మీకు పడవే. వాళ్లకు మన మాటలు ఊహకు రావు. కళ్లకు కనబడిందే చదవాలి. మీరూ అట్లాగే చదవండి."

నేను ఆరు పేజీలు రాసిన ఇంటి భాష సంగతి అబద్ధం కాదని, దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని నాకు తెలిసింది కూడా అప్పుడే. తెలుగింటి పిల్లలు అదే చీకట్లో మాటను ఊహించి గట్టెక్కేస్తారు. ఈ పిల్లలకు అక్షరం తప్ప వేరే ఆధారం లేదు, ఆ అక్షరాన్నే మేం ఎండకు అడ్డంపెట్టి దాచాం.

పెద్దసారు కళ్లు చికిలించాడు. మెడ పక్కకు వంచాడు. మొదటిది తప్పు చదివాడు, రెండోది సరిగ్గా చదివాడు, మూడోది మళ్లీ తప్పు. బల్ల పక్కన నిలబడిన ఆ ఐదో తరగతి పిల్ల, అక్కడ ఎండ కళ్లలో పడదు గనుక, నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వింది. తరువాత మెల్లగా అన్నది:

"గట్ల గాదు పెద్దసారు. మొదట్ల ఉన్నది ప."

ఆయన కోప్పడలేదు. లేచి పంచె దులుపుకుని, మేజా దగ్గరికి పోయి, దరఖాస్తు తీసి, తెలుగు చదవగలదు, రాయగలదు అని రాసి సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా దాన్ని ఊదుతూ కూర్చుని, నా వైపు చూడకుండా, "మరి ఇంతకుముందు పోయినవాళ్లో?" అన్నాడు. ఆయనే లేచి బల్లను దించి దక్షిణం గోడకు తగిలించాడు.

ఆ పిల్ల భద్రాచలం పోయింది, చదివింది. ఇప్పుడు ఒక మండలాఫీసులో పనిచేస్తోంది. అర్జీలు పట్టుకొచ్చిన వాళ్లకు వాటిలో ఏముందో చదివి, వాళ్ల భాషలో చెప్పడం ఆమె పనిలో పెద్ద భాగం. ఒక పిల్ల గెలిచిందని సంతోషించి ఊరుకునేదాన్నే, తరువాత జరిగింది తెలియకపోతే. రెండేళ్లకు నాకు బదిలీ అయింది, పెద్దసారు రిటైరయ్యాడు. వచ్చిన కొత్తాయన గదికి మరమ్మతులు చేయించి, చెక్క బల్ల తీసేయించి, ఈసారి ఊడదీయడానికి వీల్లేకుండా సిమెంటుతో నల్లబల్ల పూయించాడు. ఏ గోడకో చెప్పనక్కర్లేదు. నేను ఒక మనిషితో వాదించి గెలిచాను గానీ, ఎందుకు మార్చామో ఒక్క ముక్క పిల్లల చదువు రాసే ఆ పుస్తకంలో రాసి పెట్టలేదు. మేకుల మీద తగిలించి వచ్చాను, అంతే. ఆ తప్పు నాదే, యముడిది కాదు.

ఇప్పుడు ఆ వైపు బడులకు పోతే ముచ్చటేస్తుంది. ట్యూబులైట్లు, ఫ్యాన్లు, రంగు రంగుల గోడలు, గోడ మీద టీవీ అంత తెర. చాపల కాలం పోయి బెంచీలొచ్చాయి. ఎదురుగా కిటికీ ఉన్న చోట ఆ తెర పెట్టి, పిల్లలకు ఏకాగ్రత లేదని తల్లిదండ్రుల మీటింగులో చెప్పే చదువుకున్న ఉపాధ్యాయుల్ని కూడా చూశాను. దిక్కు చూసి గోడ ఎంచుకున్నామని గర్వంగా చెప్పినవాళ్లూ ఉన్నారు. బెంచీ మీద ఒకసారి కూర్చుని చూశారా అని అడిగితే, పెద్దావిడ కదా అని నవ్వి టీ తెప్పిస్తారు. టీ తాగుతాను గానీ అడగడం మానను.

రెండేళ్ల కిందట భద్రాచలం బస్టాండులో ఒకామె నా పక్కకు వచ్చి, "ఇది ఖమ్మం బండేనా?" అని అడిగింది. బస్సు నెత్తిన పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అవ్ అన్నాను. ఎక్కి పక్కపక్కనే కూర్చున్నాక మాటల్లో ఆమెది ఆ గూడెమేనని తెలిసింది, నన్ను గుర్తుపట్టింది. నేను బదిలీ అయి వచ్చేనాటికి ఒకటో తరగతిలో చేరిన పిల్లట. నాలుగేళ్లు ఆ సిమెంటు బల్ల ముందు కూర్చుని మానేసిందట.

"నాకు సదువు రాలే టీచరమ్మా. నా బుర్రకు ఎక్కదని సార్లు చిన్నప్పుడే చెప్పిండ్రు. లెక్కలైతే నోటితోటి మంచిగ జేస్త."

నేను ఆమెకు ఆ గది గురించి, తలుపు గురించి, ఎండ గురించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది.

"ఇగ తప్పంతా గోడ మీదికి నూకుతవా?"

అవునమ్మా, గోడ మీదికే, అది ఉండాల్సిన చోటు అదే అన్నాను. బస్సు అడవి దాటింది, పొలాలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఆమె, నన్ను కాదు, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నది:

"నా కండ్లయితే చిన్నప్పటి సంది మంచిగనే కనబడ్తయి."

ఆ మాట ఎవరో ఒకరు ఆమె ఆరేళ్ల వయసులో అడిగి తెలుసుకోవాల్సింది. నలభై దాటాక, బస్సులో, ఎవరూ అడగకుండా ఆమే చెప్పుకుంది.